అయస్కాంతం గుంతకు జమ్లి కాపలా

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆఫీసులో అందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే మనుషులతో ఎక్కువ అవసరం లేని పనులు చూసి మరీ నాకు అంటగడతారు. ఈసారి బూర్గంపాడు అవతల, అడవి అంచున ఉన్న ఒక తండాకు పంపారు.

పని చెప్పుకోవడానికి తేలికే. భూమి అయస్కాంత శక్తి రోజంతా ఒకేలా ఉండదు, సూర్యుణ్ణి బట్టి కొద్దికొద్దిగా మారుతుంటుంది. ఆ మార్పుకు నేల లోపల సన్నగా కరెంటు పుడుతుంది. అది ఏ లోతులో బాగా పారుతోందో పైనుంచే లెక్కగడితే, ఎవరూ ఎప్పటికీ తవ్వలేనంత కింద రాయి వేడిగా ఉందో తడిగా ఉందో అంచనా దొరుకుతుంది. దానికి మోకాటిలోతు గుంత తీసి, సెన్సర్ పెట్టి, మూతేసి, నెల రోజులు కదపకుండా వదిలేయాలి. చిక్కంతా ఇనుముతోనే. పక్కనుంచి ఆటో పోయినా చాలు, రికార్డు ఎగిరిపడుతుంది.

ఆ చుట్టుపక్కల ఒకవైపు కరెంటు తీగలు, ఇంకోవైపు అనుమతి లేని అడవి. చివరికి తండా రైతు రామ్‌సింగ్ చేలో చోటు కుదిరింది. తండాకు బండ్లు వచ్చే ఒకే ఒక్క బాట దానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. మూడు వందల మీటర్ల ఇవతల బాటకు అడ్డంగా సున్నం పోసి, నెల రోజులు బండ్లన్నీ అక్కడే ఆపేలా తండా వాళ్లను ఒప్పించాం. రామ్‌సింగ్ భార్య జమ్లిని కాపలాకు పెట్టాం.

మొదటి వారంలోనే ఎవడో బైకు మీద గుంత పక్కనుంచి దూసుకుపోయాడు. నేను జమ్లి మీద ఒంటికాలి మీద లేచాను.

"బుద్ధుందా నీకు? ఇది పిల్లల ఆటనుకున్నవా? ఎవరొచ్చినా, ఏం జరిగినా, ఇనుప ముక్కన్నది సున్నం దాటొద్దు! దాటితే నా పనంతా మట్టిపాలు!"

ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. "అవ్ సారు" అని తల వంచుకుంది.

మూడో వారంలో సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగి, సోమ, మంగళవారాల్లో అయస్కాంత తుఫాను వచ్చింది. గాలి ఉండదు, వాన ఉండదు, కంటికేమీ కనబడదు. మాకు మాత్రం పండగే. మామూలు రోజుల్లో అందని లోతు ఆ రెండు రోజుల్లో అందుతుంది. మళ్లీ అలాంటిది ఎన్నేళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు నేను అశ్వారావుపేట దగ్గర ఇంకో గుంత పని మీద ఉన్నాను. శుక్రవారం బూర్గంపాడులో ఆగి టీ తాగుతుంటే కొట్టు నడిపే భవాని అంది, "మంగళారం పగటీలి మీ తండా దిక్కు 108 బండి వొయ్యింది సారూ, సైరన్ కొట్టుకుంట."

టీ అక్కడే వదిలేసి బయల్దేరాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఎవరికేమైందన్న ఆలోచనే రాలేదు. తుఫాను రికార్డు పోయిందనే అనుకున్నాను. దారి పొడుగునా జమ్లిని తిట్టడానికి మాటలు ఏరుకుంటూ పోయాను.

వెళ్లగానే ఎవరినీ పలకరించకుండా గుంత దగ్గర కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. మంగళవారం తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా చూశాను. తుఫాను మొత్తం శుభ్రంగా పడింది. బండి మచ్చ ఎక్కడా లేదు. రెండోసారి చూశాను, లేదు.

జమ్లి వచ్చి పక్కన నిలబడింది.

"108 వచ్చిందంట గద?" అన్నాను.

"వచ్చింది సారు. సున్నం కాడ్నే అడ్డం నిలవడి ఆపిన. మా భార్గవికి నొప్పులొచ్చినయ్. కాన్పుకని మా ఇంటికొచ్చింది గద, నా బిడ్డ. డ్రైవర్ మస్తు తిట్టిండు."

"మరి అమ్మాయిని ఎట్ల తీసుకపోయిండ్రు?"

"మోసుకపోయినం. వాళ్లు స్ట్రెచర్ తెస్తమన్నరు. గది ఇనుపది, నేనే వద్దన్న. మా ఇంట్ల మంచం సుత ఇనుపదే. మా ఆయన పక్క గూడెం దాక ఉరికి, బొజ్జయ్య ఇంట్ల నులక మంచం అడిగి తెచ్చిండు. గందుకే ఆలిశమైంది. సగం తొవ్వల, ఎండల, గా మంచం మీదనే కాన్పయ్యింది. పుట్టిన పోరి ఏడువలే సారు. నీలమెక్కింది. 108ల వచ్చినామె ఉరికొచ్చి నోట్ల ఊదితే అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ భద్రాచలం దవాఖానల ఉన్నరు. ఇప్పుడు మంచిగనే ఉన్నరు."

నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గేసినా నాకు ముందొచ్చేది కోపమే.

"పిచ్చా నీకు? మనిషి పాణం మీదికొస్తే మిషిన్ ఎవనిక్కావాలె? బండిని రానియ్యొద్దా?" అని అరిచాను.

జమ్లి మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఏం జరిగినా అన్నది మీరు గాదా సారు? బైకు పోయిన దినం మీరు మొత్తుకున్న తీరు చూసి, గీ గుంతల వేల మంది పాణాలున్నయనుకున్న. లేకుంటె ఒక్క బైకుకు మనిషిని ఎవరన్న గట్ల తిడ్తరా?"

ఆ గుంతలో ఉన్నది నేను రాయబోయే రిపోర్టు. మహా అయితే ఒక బొమ్మ, దాని కింద నాలుగు వరుసలు. ఆ మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

"తప్పు నాదే జమ్లమ్మా" అన్నాను.

"తప్పు సంగతి ఉండనియ్యిండ్రి. మిషిన్ల మంచిగొచ్చిందా, లేదా?"

"వచ్చింది. ఇంత మంచిగ నాకెన్నడూ రాలే."

అప్పుడు ఆమె నా పక్కనే మట్టిలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.