కదలని కుట్టుమిషను

ప్రాజెక్టు ముంపులో ఊరు పోయిన మా ఆడవాళ్లకు గణేష్‌బాబు కుట్టుపని శిక్షణ ఇచ్చాడు. ఎవరికీ పని దొరక్కపోతే, రిపోర్టులో "వీళ్లకు శ్రద్ధ లేదు" అని రాశాడు.

కొత్త బ్యాచ్ ఆయనకే ఇవ్వాలో వద్దో ఈసారి మా పునరావాస కాలనీవాళ్లే తేల్చాలన్నారు అధికారులు. డిగ్రీ చదివానని, శిక్షణ మీద అభిప్రాయం రాసే ఫారం నాకిచ్చారు. నాకు పెళ్లయి పన్నెండు రోజులు. పెన్ను పట్టినప్పుడల్లా కొత్త గాజులు గలగలమంటుంటే నవ్వు ఆగలేదు.

"మాకిచ్చిన మిషను మీద ఒక్క జాకెట్టు చెయ్యి కుట్టి చూపించండి సార్," అన్నాను అధికారుల ఎదుట.

ఆయన తొక్కాడు. చక్రం కదల్లేదు.

"నూనె వెయ్యాలమ్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మేం నూనె అడిగితే కొండోళ్లకి మిషనెందుకన్నారు కదండీ," అంది పాపాయి పిన్ని.

వెనక నుంచి మా ఆయన కన్నుగీటాడు. శిక్షకుడి గడిలో గుండ్రంగా, తీరిగ్గా రాశాను: శ్రద్ధ లేదు.