రైహాన్ నది

మా అక్క రైహాన్ అంగారకుడి నేలల్ని పరిశోధించే శాస్త్రవేత్త. మేముండే అల్మాటీ నగరంలో ఆమెతో పనిచేసేవాళ్ళు అంగారకుడి మీది ఒక లోయను వేళాకోళంగా "రైహాన్ నది" అనేవారు. ఆ లోయ కొండల్లోంచి దిగి, మైదానంలో విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒకప్పుడు అక్కడ ఒక నది వేల ఏళ్ళు నెమ్మదిగా పారి ఒండ్రు పరిచిందని అక్క వాదన. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పిన మాట అది. ఆమెకొచ్చిన పేరంతా దాని మీద నిలబడిందే. చాలాకాలం నీళ్ళు పారిన చోట జీవం జాడలు దొరకొచ్చని, చివరికి విదేశాలవాళ్ళు పంపబోయే అంతరిక్షనౌకను దించడానికి ఎంచిన చోట్లలో అదీ చేరింది.

ఆ వసంతంలో కొత్త ఫొటోలొచ్చాయి, మునుపటికన్నా ఎంతో స్పష్టంగా. వాటిని పరిశీలించే పని అక్క తన శిష్యురాలు అక్‌బోతాకు అప్పగించింది. ఆదివారాలు మా ఇంట్లోనే భోంచేసే ఆ పిల్ల, ఫొటోలొచ్చాక రావడం మానేసింది.

"ఏమైందే దీనికి? పెళ్ళి కుదిరిందా?" అన్నాను.

"కుదిరితే నాకు చెప్పకుండా ఉంటుందా?" అని అక్క ఫోన్ తీసింది. "బెష్‌బర్మాక్ చల్లారిపోతోంది. వస్తావా, చెవి పట్టుకుని లాక్కురానా?"

వచ్చింది. ఒక్క మాంసం ముక్క నోట పెట్టలేదు. కాసేపటికి కంప్యూటర్ తెరిచి, "మేడమ్, అది నది కాదేమో," అంది.

ఫొటోలో ఆ విసనకర్ర అంచు నిండా ఇళ్ళంతేసి బండరాళ్ళు. మెల్లగా పారే నీళ్ళు వాటిని మోయలేవు. పైన ఏదో సరస్సు గట్టు తెగి, బురదా రాళ్ళూ కలిసి ఒక్కసారిగా దొర్లుకొచ్చి అక్కడ ఆగిపోయాయని ఆ పిల్ల చెప్పింది. వేల ఏళ్ళ పని కాదు, ఒక్క పూటది.

అక్క మొహం ఎర్రబడింది. "నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నానే ఆ నదిని! నాకు కనబడని రాళ్ళు నీకు కనబడ్డాయా?"

"అప్పటి ఫొటోల్లో కనబడవు మేడమ్."

"సరే. తిని వెళ్ళు."

తినకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను కారెక్కించుకుంది. దారిలో అక్‌బోతానూ ఎక్కించుకుని ఇస్సిక్ లోయకు తీసుకెళ్ళింది. మేం పుట్టిన ఊరు అక్కడే. చిన్నప్పుడు వదిలిపెట్టాక అక్క మళ్ళీ అటు వెళ్ళిందే లేదు. పాత వరద తెచ్చి పడేసిన రాళ్ళ మధ్య కారు దిగి, ఒక బండ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. సరస్సు ఒడ్డున ఆడుకుంటున్నాం. పైనుంచి బురద వరద వచ్చింది. ఇలాంటి రాళ్ళే తల్లీ, దాని మీద చెక్కముక్కల్లా తేలుతూ వచ్చాయి. మా తమ్ముడు యెర్మెక్ బూట్ల కోసం వెనక్కి పరిగెత్తాడు. పిలిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు."

నేనప్పుడు పసిపిల్లని. అన్న వరదలో పోయాడని తెలుసు. ఎలా పోయాడో అక్క నోట వినడం అదే మొదటిసారి. ఆమె భుజం పట్టుకున్నాను.

"పాత ఫొటోల్లోనూ ఆ విసనకర్ర అంచు నిటారుగానే ఉంది," అంది అక్క. "మెల్లటి నీళ్ళు పరిచిన ఒండ్రైతే అంచు పల్చబడుతూ పోవాలి. చూసి ఉండాల్సింది. కానీ అక్కడ నీళ్ళు మెల్లగా పారాయనే అనుకోవాలనిపించింది నాకు."

అక్‌బోతా ఏడుపు ఆపుకోలేకపోయింది. "నీకెందుకే ఏడుపు? సరిగ్గానే చెప్పావుగా," అని అక్క తన తలగుడ్డ కొంగుతోనే దాని మొహం తుడిచింది.

ఆ నెల జరిగిన శాస్త్రవేత్తల సభలో అక్కే లేచి తన వాదన తప్పని చెప్పింది. దీని మీద రాయబోయే వ్యాసంలో అక్‌బోతా పేరే ముందుంటుందని కూడా అంది. వెనక వరసలోంచి ఓరిన్‌బెక్ అనే పాత సహోద్యోగి నవ్వాడు.

"అయితే నీ నది ఎండిపోయినట్టేనా రైహాన్?"

"ఎండిపోలేదయ్యా, గట్టు తెగింది!"

సభంతా నవ్వింది, అక్కతో సహా. కానీ నౌక దిగే చోట్లలోంచి ఆ లోయను తీసేశారని కబురొచ్చిన రోజు ఆమె మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది. ఆ తరవాత కొన్నాళ్ళు ఆఫీసుకే వెళ్ళలేదు. ఇంట్లో పిండి పిసుకుతూ, తినేవాళ్ళు లేకపోయినా బౌర్సాకులు వేయిస్తూ కూర్చుంది.

ఒక సాయంత్రం అక్‌బోతా వచ్చి వాటిని గుప్పెళ్ళతో తినడం మొదలుపెట్టింది. అక్క ఇంకో పళ్ళెం దాని ముందుకు తోసింది.

"పైన సరస్సు ఎక్కడుండేదో వెతికావా?"

"ఇంకా లేదు మేడమ్."

"మరి ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావు? ఆ చేతులు కడుక్కుని కంప్యూటర్ తియ్యి."

నేను టీ పెట్టి తెచ్చేసరికి ఇద్దరూ తలలు ఆనించి, ఆ సరస్సు ఏ కొండ వెనక ఉండేదో అని వాదించుకుంటున్నారు.