మీ గురించి చెప్పండి

ఫోను మోగేసరికి ప్రేమలీల నోరు విప్పి మూడు రోజులైంది. పాలపేకెట్టు గుమ్మానికి తగిలించిన సంచిలో పడిపోతుంది, కుళాయి దానంతటదే వస్తుంది, ఇక మాట్లాడడానికి మనిషేడి? అందుకే "హలో" అనబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల ఎవరో ఆడపిల్ల "వినబడుతోందా?" అని ఒడియాలో మూడుసార్లు అడిగి, గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూకి కోరాపుట్ రమ్మంది. నర్సింగు కాలేజీ హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం. ఉండడానికి అక్కడే గది. అరవై మంది ఆడపిల్లలు.

జీతమెంతో ప్రేమలీల అడగలేదు. అరవై మంది అన్నమాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

ఒడిశాలోని రాయగడలో ఆ రెండు గదుల అద్దెయింట్లోనే ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు నిండాయి. ఏఎన్ఎం నర్సు కోర్సు చదివి ఓ నర్సింగు హోములో రెండేళ్లు పనిచేసిందో లేదో, తల్లి సూర్యకాంతమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. ఓ నెల చూసుకుని మళ్లీ పనిలోకి పోదామనుకుంది కూతురు. ఆ నెల పదకొండేళ్లయింది. మొన్న వానాకాలంలో తల్లి పోయింది. వారం రోజులు ఇల్లంతా జనమే. ఎనిమిదో రోజు నుంచి గడియారం చప్పుడు వినబడడం మొదలైంది. ఒంటరితనం గురించి చదువుకున్నవాళ్లు ఏవేవో చెబుతారు గానీ, పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉండడం, అంతే.

బయోడేటా రాసిపెట్టమని చర్చి సంఘపెద్ద ఎలీయాజరు దగ్గరికి వెళ్లింది. ఆయన మున్సిపాలిటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కాయితం రాయడం ఊళ్లో తనకొక్కడికే వచ్చునని ఆయన నమ్మకం. అది పూర్తిగా అబద్ధమూ కాదు. జిరాక్సు షాపులో కుర్రాడి పక్కన కూర్చుని టైపు చేయిస్తూ కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఏటమ్మి, ఈ పదకొండేళ్లు ఏటి సేసేవని రాయాల?"

"అమ్మని సూసుకున్నాను బాబాయ్."

"అలాగ రాస్తే ఇంట్లో కూకుందంటారు. హోమ్ నర్సింగ్, పదకొండేళ్ల అనుభవం. ఎలాగుంది?"

ప్రేమలీలకు సిగ్గేసింది. కన్నతల్లికి చేసింది కూడా అనుభవం కింద రాసుకుంటారా ఎవరైనా?

"సిగ్గుపడితే ఉద్యోగం రాదమ్మి. కుర్సీలో కూకోగానే మీ గురించి సెప్పండి అంటారు. అప్పుడు తన డబ్బా తనే కొట్టుకోవాల. అడగందే అమ్మయినా పెట్టదు."

అమ్మ అన్నమాట నోట్లోంచి వచ్చేశాక ఆయన నాలిక్కరుచుకుని, కాయితాలు సర్దుతూ కూర్చున్నాడు.

గురువారం దాకా ఉన్న మూడు రోజులూ ప్రేమలీల తల్లి మంచం ముందు నిలబడి అభ్యాసం చేసింది. "నేను కష్టపడి పనిచేసే మనిషిని. నాకు ఓర్పు ఎక్కువ." అని ఆగేది. సూర్యకాంతమ్మకు మొదట్లోనే మాట పడిపోయింది గానీ, కూతురు ఏం చెప్పినా కుడికన్ను ఆర్పేది. ఆ ఒక్క రెప్పతోనే తల్లీకూతుళ్లు పదకొండేళ్లు కబుర్లాడుకున్నారు. ఇప్పుడు మంచమ్మీద మడత పెట్టిన దుప్పటి ఉంది. దుప్పటికి చెప్పుకుంటే ఏం లాభం?

నిజానికి ప్రేమలీల తన గురించి తాను మాట్లాడిన చోటు లోకంలో ఒక్కటే, ఆదివారం చర్చి. ఆరాధన మధ్యలో ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడుగుతారు. లేచి నిలబడాలి. తల కాస్త వంచాలి. 'ఏ యోగ్యతా లేని నన్ను' అని ఎత్తుకోవాలి. జరిగిన మంచి అంతా దేవుడే చేశాడనాలి. 'నా కొరకు ప్రార్థన చేయండి' అని ముగిస్తే అందరూ ఆమేన్ అంటారు. అప్పుడు కూర్చోవాలి. తనను తాను ఎంత కిందికి దించుకుంటే సాక్ష్యం అంత బాగున్నట్టు లెక్క. మామూలుగా నోట్లో నాలుక లేని ప్రేమలీల ఈ విద్యలో మాత్రం అందెవేసిన చెయ్యి.

గురువారం తెల్లారగానే రైలెక్కింది. ఎదుటి సీట్లో ఆమె దామంజోడిలో ఉన్న చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూనే ఉంది, సొరంగం వచ్చి లైను తెగితే అవతలికి వెళ్లాక మళ్లీ చేసి మరీ మాట్లాడింది. ఏముంది అందులో? వంకాయ కూర, పిల్లాడి దగ్గు. ప్రేమలీలకు ఆమె మీద అసూయ పుట్టింది. తనకూ ఉద్యోగం వస్తే సాయంత్రానికి అరవై మంది దగ్గులు వినవచ్చుననుకుంది.

కాలేజీలో ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు. ఫోను చేసిన అమ్మాయి సుభశ్రీ, ప్రిన్సిపాలు రాజ్‌కుమార్. ప్రేమలీల తెల్లచీర ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చుంది, ఫైలు వరసగా అందించింది. పదకొండేళ్ల అనుభవం చూసి ప్రిన్సిపాలు తలూపాడు. సుభశ్రీ నవ్వుతూ ఒడియాలో అడిగింది.

"మీ గురించి చెప్పండి."

అంతే. కుర్చీ కిర్రుమంది. ప్రేమలీల లేచి నిలబడింది.

మూడు రోజులు దుప్పటికి చెప్పిన మాట ఒక్కటీ రాలేదు. తల దానంతటదే వంగింది. మాటలు ఒడియావే గానీ, వరస మాత్రం ఆదివారానిదే.

"ఏ యోగ్యతా లేని నాకు ఈ రోజు మీ ముందు నిలబడే భాగ్యం కలిగింది. నేను బలహీనురాలిని, ఎందుకూ పనికిరానిదాన్ని. పదకొండేళ్లు మా అమ్మ మంచంలో ఉంటే, ఆమె వీపు మీద ఒక్క పుండు రాకుండా దేవుడే కాపాడాడు. రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పే బలం దేవుడే ఇచ్చాడు. గొట్టంతో జావ పోయడం దేవుడే నేర్పాడు. ఇందులో నేను చేసిందేమీ లేదు. నా కొరకు ప్రార్థన చేయండి."

చెప్పి నిలబడే ఉంది. ఆమేన్ పడందే ఎలా కూర్చుంటుంది? ఫ్యాను తిరుగుతోంది. బయట అమ్మాయిలెవరో నవ్వుకుంటూ పోతున్నారు. ఎవరూ ఆమేన్ అనలేదు.

"మరి ఉద్యోగం మీకివ్వమంటారా, దేవుడికివ్వమంటారా?" అన్నాడు ప్రిన్సిపాలు. వెటకారం కాదు, ఏమనాలో తెలియక అన్నాడు.

సుభశ్రీ మంచిపిల్ల. చెయ్యందించింది. "ఆ పనులన్నీ చేసింది మీరే, అంతే కదా?"

అవునంటే చాలు. ఒక్కమాట. కానీ అవునంటే దేవుడి సొత్తు కాజేసినట్టుంటుందే! ప్రేమలీల కంగారులో తెలుగులోకి వచ్చేసింది.

"నేనేటి సేసేనండి..."

ప్రిన్సిపాలు కాయితమ్మీద ఏదో రాసుకున్నాడు.

శనివారం సుభశ్రీ ఫోను చేసింది. ఈసారి ప్రేమలీలకు హలో బాగానే వచ్చింది, పొద్దున్నుంచి రెండుసార్లు అని చూసుకుంది మరి.

"దీదీ, మరొకర్ని తీసుకున్నారు. నేను చెప్పి చూశాను. 'పనికిరానిదాన్నని ఆవిడే అంది కదా' అంటున్నారు సార్. మీరెందుకలా అన్నారు?"

ఎందుకన్నదో చెప్పాలంటే ముప్పై ఏళ్ల ఆదివారాలు చెప్పాలి. "పర్లేదమ్మా," అంది. ఫోను పెట్టేసి మంచం పట్టె మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినబడ్డ పెద్ద చప్పుడు అదే.

మర్నాడు చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అడిగారు. ప్రేమలీల లేచింది. ముందు వరసలో ఎలీయాజరు వెనక్కి తిరిగి, అలవాటు చొప్పున కళ్లు మూసుకున్నాడు. ఆమె తల వంచలేదు.

"నా పేరు ప్రేమలీల. మా అమ్మని పదకొండేళ్లు నేను సూసుకున్నాను. రెండు గంటలకోసారి నేనే తిప్పేను. గొట్టం నేనే ఏసేను, జావ నేనే పోసేను. ఒక్క పుండు రానివ్వలేదు. నేను. నాకా పని బాగా వచ్చు." మళ్లీ అంది. "ఇప్పుడు ఇంట్లో నాతో మాటాడ్డానికి ఎవులూ లేరు."

ఎలీయాజరు కళ్లు తెరిచాడు. ఆడవాళ్ల వైపు ఎవరో పైట సర్దుకున్నారు. దేవుడి పేరు లేని సాక్ష్యానికి ఆమేన్ అనవచ్చునో లేదో ఆ హాల్లో ఒక్కరికీ తెలియలేదు. పెద్దవాళ్లు ఎలీయాజరు వైపు చూశారు, ఎలీయాజరు పాటల పుస్తకం వైపు చూశాడు.

ప్రేమలీల కాసేపు అలాగే నిలబడింది. తర్వాత "ఆమేన్" అని తనే అని, కూర్చుంది.