ఖాళీ సైకిలు

రాఘవులు అరటి గెలల వ్యాపారి. ముప్పై ఏళ్లలో ఆయన బండి ఏదీ ఖాళీగా కదిలింది లేదు. గెలలు దించిన చోట కొబ్బరికాయలో, ఊకబస్తాలో ఏవో ఒకటి ఎత్తుకునే వచ్చేవాడు.

అలాంటివాడి ఇంట్లో కొడుకు వినయ్, డిగ్రీ ఆఖరేడు పరీక్షలు మధ్యలో వదిలేసి వచ్చి, రెండు నెలలు మంచం దిగలేదు. నిద్ర లేదు. పలకరిస్తే కళ్లనీళ్లు. అమలాపురం డాక్టరుగారు మాత్రలు రాసి, "ఇవి సగమేనండి. రోజూ గంటసేపు ఒంటికి చెమట పట్టాలి, మిగతా సగం అది," అన్నారు. లెక్క సూటిగా ఉంది. రాఘవులుకు నచ్చింది.

అది 2003 వేసవి. గన్నవరం అక్విడెక్టు, అదే కాలువ వంతెన, దాకా సైకిలు మీద వెళ్లి రావడానికి సరిగ్గా గంట పట్టేది. మొదట్లో తల్లి కాంతం బతిమాలి పంపేది. మూడో వారానికి వినయ్ తనే లేచి వెళ్తున్నాడు. రాత్రి అయిదు గంటలు నిద్రపోతున్నాడు. ఒకనాడు పులుసు మళ్లీ వేయించుకున్నాడు. ఇవన్నీ రాఘవులు మనసులో జమ వేసుకుంటున్నాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"ఎలాగూ గన్నవరమే కదరా, ఈ రెండు గెలలూ అబ్బులు కొట్లో పడేసి రా," అని ఒక పొద్దున కేరియర్‌కు కట్టేశాడు. వినయ్ అలాగే తొక్కుకెళ్లి దించి వచ్చాడు. మర్నాడు మూడు కట్టాడు. కుర్రాడికి వ్యాయామమూ అవుతోంది, పనీ అలవాటవుతోంది అని సంబరపడ్డాడు. ఏడో రోజు వినయ్ లేవలేదు. ఎనిమిదో రోజూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మాత్రలు మార్పించాలేమోనే," అన్నాడు రాఘవులు.

"మారాల్సింది మాత్రలు కాదండి, మీరు," అంది కాంతం. "ఖాళీ కేరియర్ కనబడితే మీకు చేతులు దురదెడతాయి. రేపు నన్ను కాటికి మోసినా పాడె మీద ఓ గెల ఎడతారు!"

రాఘవులు కొడుకు పక్కన కూర్చున్నాడు. "బరువెక్కువైందా బాబూ?"

"బరువు కాదండి నాన్నగారూ." వినయ్ ఇటు తిరిగాడు. "తొక్కుతున్నంతసేపూ బుర్రలో ఏమీ ఉండదండి. నాకు దొరికింది అదొక్కటే. గెలలుంటే అవి నలిగిపోతాయేమో, ఆలస్యమైపోద్దేమో, అబ్బులుగారు ఏమంటారో... మళ్లీ పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంటదండి."

రాఘవులు లెక్క తిరగేసుకున్నాడు. డాక్టరు చెప్పిన రెండో సగాన్ని రోజుకింత చొప్పున తనే వాడుకున్నాడు. స్పానరు తెచ్చి అరుగు మీద కూర్చుని కేరియర్ విప్పేశాడు.

మధ్యాహ్నం అబ్బులు ఫోను చేశాడు. "మీ అబ్బాయి రావట్లేదేంటండీ? బాగా అందిస్తున్నాడండి."

"ఇక మీదట నేనే తెస్తానండి. వాణ్ణి అడక్కండి."

రెండు రోజులు సైకిలు కదల్లేదు. మూడో పొద్దున సైకిలు తీస్తున్న చప్పుడు వినిపించినా రాఘవులు కళ్లు తెరవలేదు. తెరిస్తే ఏదో ఒక పని చెప్పేస్తానని భయం.

వినయ్ తిరిగొచ్చేసరికి గంటన్నర దాటింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఎందాకా వెళ్లావన్నది రాఘవులు నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఎండగా ఉందా?"

"ఆయ్. రేపు ఇంకాస్త పెందలాడే ఎల్తానండి."

"నీ ఇష్టం రా," అన్నాడు రాఘవులు.