ఊపిరి బిగబట్టిన జొన్న

గాలిలో ఉప్పు.

పెదవుల మీద ఉప్పు, ఆరేసిన తలగుడ్డల మీద ఉప్పు. ఎండిపోయిన అరల్ సముద్రం మీదుగా వచ్చే గాలి అది. ఆ గాలిలోనే ఉల్బికె జొన్నచేను నిలబడి ఉంది —

సగం పచ్చగా. సగం ముడుచుకుని.

ముడుచుకున్న సగానికి కోడలు సర్బినాజ్ మందు కొట్టింది. నుకుస్ పట్నంలోని పంటల పరిశోధనా కేంద్రంలో ఆమె పనే అది. నేలలో తడి తగ్గితే వేరు ఆకుకు ఒక కబురు పంపుతుంది. ఆ కబురు పేరే హార్మోను. అది అందగానే ఆకు తన సన్నసన్నని రంధ్రాలు మూసుకుని, ఉన్న తడిని దాచుకుంటుంది. కాలువ ఎండకముందే ఆ కబురును సర్బినాజ్ తానే చేరవేసింది.

ఆకులు విన్నాయి. గొట్టాల్లా చుట్టుకున్నాయి.

ఊరు నవ్వింది.

"కోడలి చదువంతా చేనుకు పట్టింది," అన్నాడు పక్కచేను ఎంబెర్గెన్. "కోసెయ్ వదినా. ఆవులకైనా పనికొస్తుంది."

ఉల్బికె కొడవలి నూరుకుని వచ్చింది. చలికాలమంతా ఇంటికి రొట్టె ఆ చేనే.

"చావలేదత్తా, ఊపిరి బిగబట్టింది. కాలువకి నీళ్లొచ్చేదాకా ఆగు."

"రాకపోతే?"

సర్బినాజ్ కొడవలికీ చేనుకూ మధ్య అడ్డంగా నిలబడింది.

ఉల్బికె వంగి ఒక ఆకును వేళ్లతో విప్పింది. లోపల... పచ్చదనం. దాచుకున్న, లేత పచ్చదనం.

చాలాసేపు చూసింది. తర్వాత గట్టు మీద చతికిలబడి నవ్వింది.

"మీ మామ తాగొచ్చే రోజుల్లో నేనూ ఇంతేనే. నోరు మూసుకుని, పిండి దాచుకుని. నా పని అయిపోయిందనుకున్నారంతా. ఇప్పుడు చూడు, నేను దగ్గితే ఆయన లేచి నిలబడతాడు."

కొడవలి చూరులోకి వెళ్లింది.

ఎండ ముదిరింది. విశాలంగా విచ్చుకుని నిలబడ్డ సగం — ముందు అంచుల్లో మాడింది, తర్వాత పసుపెక్కింది, తర్వాత వాలిపోయింది. దాన్ని కోసి ఆవులకు వేశారు. ముడుచుకున్న సగం ముడుచుకునే ఉంది.

ఒక తెల్లవారుజామున కాలువ మాట్లాడింది.

బురదనీళ్లు. నురగ నీళ్లు. అత్తాకోడళ్లు చెప్పులు విడిచి చేలోకి దిగారు.

"కంకి వేస్తుందా?"

"తెలీదత్తా."

"పోనీలే," అంటూ ఉల్బికె గట్టు అవతలికి గొంతెత్తింది. "మరిదీ, వచ్చే ఏడు నీకూ మందు కావాలంటే మా కోడల్ని అడుగు. మర్యాదగా అడుగు."

ఎంబెర్గెన్ తల గోక్కున్నాడు.

పిక్కల్లోతు బురదలో ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. చుట్టూ సన్నటి చప్పుడు...

ఒక ఆకు విచ్చుకుంటోంది.

దాని పక్కది, ఇంకా ఆలోచిస్తోంది.