ఎన్ని దేవుళ్ళోళ్ళు

పట్నంలో, జహనుమా బస్తీలో మా రేకుల గదికి ఒక గోడ నిండా గుడ్డే. నయాపూల్‌లో తెర గుడ్డ కొని, సున్నమూ ఎర్రమట్టి జాజూ పూసి అడవి బొమ్మ వేశాను. ఇప్పచెట్లు అయిపోయాయి, నెమళ్ళు అయిపోయాయి. మధ్యలో వరసగా నిలబడాల్సిన దేవుళ్ళ చోటు మాత్రం ఖాళీ. ఎందరో నాకు తెలియదు.

మా గోండుల్లో మనిషిని గుర్తుపట్టేది వాళ్ళ ఇంటివాళ్ళు కొలిచే దేవుళ్ళ లెక్కతో. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఒకే లెక్కవాళ్ళు అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్ళు. వాళ్ళ మధ్య పెళ్ళి చెల్లదు.

ఆదిలాబాద్ వైపు నుంచి ఒక గోండు ఊరి పెద్ద, పటేలు, నా బొమ్మల ఫొటోలు చూసి ఫోన్ చేశాడు. పుష్యమాసం పూజకు గుడ్డ పట్టుకుని రమ్మన్నాడు.

"ఎన్ని దేవుళ్ళోళ్ళు బిడ్డా మీరు?"

ఈ బస్తీలో మీరెవరని అడిగినవాళ్ళంతా దూరం పెట్టడానికే అడిగారు. ఈయన పక్కన కూర్చోబెట్టుకోవడానికి అడిగాడు. కనుక్కుని చెప్తానన్నాను.

మా బాపు ఆగయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఊరి మాటెత్తితే ఆయనకు చెవులు వినపడవు. ఇంటిపేరు కూడా పట్నం రాగానే వదిలేశాడు. చెప్పకపోతే ఏడుగురిని వేసేస్తానన్నాను.

"ఎయ్యకు. ఏడు మనది గాదు." గుడ్డ మీది ఖాళీ చోటు వంక తిరిగాడు. "మనం ఆరు. మీ అమ్మోళ్ళు గూడ ఆరే."

అంటే ఆ లెక్కలో అమ్మ ఆయనకు చెల్లెలు. ఇద్దరూ పారిపోయి వచ్చారు. అమ్మ పోయిన రోజు పాడె మోయడానికి డిపో వాళ్ళు తప్ప ఎవరూ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

మర్నాడు మళ్ళీ పటేలు ఫోన్. స్పీకర్ పెట్టాను. ఆరు అన్నాను. తామూ ఆరే అని మురిసిపోయాడు, నేను తన తమ్ముడి బిడ్డనే అన్నాడు, పొయ్యి పక్కన చోటు ఉంచుతానన్నాడు. తర్వాత అడిగాడు:

"మరి నీ మేనమామలు ఎన్ని దేవుళ్ళోళ్ళు?"

గ్లాసు కడుగుతున్న బాపు ఆగిపోయాడు. తడి చెయ్యి ఎత్తి నాలుగు వేళ్ళు చూపించాడు.

"ఆరే," అన్నాను.

అవతల ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

బాపు వేళ్ళు ఇంకా దించలేదు. "ఎందుకు జెప్తివే?"

"అమ్మకు ఇంకో ఇంటి దేవుళ్ళను అంటగట్టాల్నా బాపూ?"

ఆరుగురిని వేశాను. గుడ్డ ఎక్కడికీ పోలేదు, గోడ మీదే ఉంది. బాపు దానికి వీపు ఆనించి అన్నం తింటాడు.