గజ్జెల దుకాణానికి చిరునామా

వ్యాపారంలో లాభం చూడమని మా నాన్న ఎన్నడూ చెప్పలేదు. చీరాలలో బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన నన్ను కూర్చోబెట్టుకుని ఆయన నేర్పింది ఒక్కటే: "ఎంత పోయినా తట్టుకోగలవో ముందు చూసుకో. బేరం సంగతి తర్వాత." పెళ్లి కూడా ఆ లెక్కనే చేసుకున్నాను. రామమోహనరావుగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. పెద్ద రాబడి ఉండదు, పెద్ద నష్టమూ ఉండదు. ఆర్.కె. పురంలో రెండు గదుల క్వార్టరు. ఆయన జీతానికి ఢిల్లీలో బయట అద్దెకుండి, పిల్లను మంచి బడిలో చదివించడం అయ్యే పని కాదు. కాబట్టి మాకున్నదంతా ఆ క్వార్టరే. అదీ మాది కాదు, సర్కారుది. అందులో వ్యాపారం చేయకూడదు.

అందులోనే నేను వ్యాపారం చేశాను.

మా అమ్మాయి ప్రణతి కూచిపూడి నేర్చుకునే చోట ప్రతి తల్లికీ ఒకటే గొడవ: మంచి గజ్జెలు దొరకవు, జడ సామాను దొరకదు, ఒడ్డాణం దొరికితే పిల్ల నడుముకు సరిపోదు. కరోల్ బాగ్‌లో ఆనందబాబు అని బందరాయన ఉన్నాడు. ఊరి నుంచి రోల్డుగోల్డు నగలు తెప్పించి టోకున అమ్ముతాడు. అతని దగ్గర కొని, గజ్జెలు నేనే కొలతలు చూసి తోలుకు కుట్టించి, తల్లులకు అమ్మడం మొదలుపెట్టాను. ఆ తల్లుల్లో ఒకామె మస్కట్ వెళ్లి అక్కడి నుంచి ఫోన్ చేసింది. ఆమె ఇంకొకామెకు చెప్పింది. 2006 వచ్చేసరికి ఇంట్లో కంప్యూటరు, దానికి ఇంటర్నెట్టు, నా దుకాణానికో వెబ్‌సైటు.

ప్రతిదీ ఎంచి తీసుకున్నాను. నెట్‌లో డబ్బు తీసుకోకుండా పేజీ ఇచ్చేవాళ్లు ఉన్నారుగానీ, వాళ్ల ప్రకటనలు మన గజ్జెల పక్కనే వేస్తారు. అద్దె కొట్లో ఇంటివాడు తన బస్తాలు సర్దుకున్నట్టే కదా! అందుకని వెబ్‌సైటుకు సొంత పేరు కొన్నాను. పేరు కొన్నవాళ్ల చిరునామా ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చని తెలిసి, ఇంటి నంబరు ఇవ్వకుండా పోస్టాఫీసులో ఒక బాక్సు తీసుకుని ఆ నంబరు ఇచ్చాను. కొరియరువాడు ఇంటికొచ్చి పట్టుకెళతానన్నాడు. పేరు రాసిన వ్యాను రోజూ మా బ్లాకు ముందు ఆగితే ఇంకేముంది? వద్దని, పార్సిళ్లు నేనే కూరల సంచిలో పెట్టుకుని పోస్టాఫీసుకు మోసేదాన్ని. గజ్జెలతో వచ్చిన చిక్కేమిటంటే అవి నోరు మూసుకోవు. పాత తువ్వాళ్లు చుట్టి, సందుల్లో దూది కుక్కి, మెట్లు ఒక్కొక్కటే దిగేదాన్ని. కింది ఇంటి భాటియా ఆంటీ తలుపు తీసి ఉంటే అక్కడే ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని.

మిగిలింది డబ్బు తీసుకునే దారి. పరదేశం వాళ్లు కార్డుతో తప్ప కట్టరు. మస్కట్ టీచరు తన క్లాసు మొత్తానికి సెట్లు అడిగింది, కార్డు తీసుకుంటేనే అంది. పెద్ద బ్యాంకులు డిపాజిట్టు, దుకాణం లైసెన్సు అడిగాయి. నోయిడాలో ఒక చిన్న కంపెనీ మాత్రం నాలాంటి వాళ్లను చేర్చుకుంటోంది. ఒకటే షరతు: వాళ్ల మనిషి వచ్చి, ఇచ్చిన చిరునామాలో నిజంగా వ్యాపారం జరుగుతోందో లేదో చూస్తాడు.

"నా కొట్టు అడ్రసు ఇచ్చెయ్యి అక్కా, మొహమాటం దేనికి?" అన్నాడు ఆనందబాబు.

"మొహమాటం కాదు బాబూ. నీ అడ్రసుకి నా ఉత్తరాలొస్తే, నా దగ్గర కొనే పార్టీలు రేపు నీ పార్టీలవుతారు."

"అమ్మో! చర్చిలో కూడా నన్నింత అనుమానంగా ఎవరూ చూడరు," అని నవ్వాడు. కాదని మాత్రం అనలేదు.

సరే, ఆలోచించాను. ఆనందబాబుకిస్తే పార్టీలు పోవడం ఖాయం. ఇంటి నంబరు ఇస్తే ప్రమాదం వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు. ఇంటి నంబరే ఇచ్చాను.

ఆ సంగతి విని మా ఆయన కంచం ముందు నుంచి లేచి నిలబడ్డారు.

"రాసిచ్చావా? నీ చేత్తో?"

"కంప్యూటర్లో కొట్టాను."

"ఇంకా మంచిది! పాతికేళ్లు ఒక్క మెమో లేకుండా నెట్టుకొచ్చాను అరుంధతీ. ఇప్పుడు గజ్జెల కేసులో పోతానన్నమాట."

"ఎవరూ పోరు. ఒక మనిషి వస్తాడు, చూస్తాడు, పోతాడు. కూర్చుని తినండి."

కూర్చున్నారు. తినలేదు.

దానికితోడు ఆ వారమే పై అంతస్తు సుందరరామయ్యగారు కాఫీకి వచ్చారు. ఆయనా కేంద్ర సర్కారే, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. చెడ్డ వార్త ఉంటే దాన్ని చల్లారనివ్వని మనిషి.

"విన్నావా మోహన్రావ్? క్వార్టర్ల చెకింగ్ మొదలైంది. పక్క సెక్టారులో ఒకడు ముందు గదిలో బ్యూటీ పార్లరు పెట్టించాడట భార్య చేత. అలాట్‌మెంట్ రద్దు. సామాను వరండాలో. పైగా డిపార్ట్‌మెంటుకి రిపోర్టు."

"ఎవరొస్తున్నారు చెకింగ్‌కి?" అని నేనడిగాను.

"అదే కదమ్మా తమాషా. ఎవరో మామూలు మనిషిలా వస్తాడట. అచ్ఛా, ఏదో సర్వే అంటాడట. నువ్వు నోరు జారావో, అంతే." ఆయన కప్పు కింద పెట్టి లోపలి గది వైపు చూశారు. "మీకేం భయమమ్మా, మీ ఇంట్లో ఏముంది?"

లోపలి గదిలో మస్కట్ టీచరు సెట్లన్నీ దుప్పటి కప్పుకుని ఉన్నాయి.

ఆ శనివారం, ఆయనకు సెలవు. పదకొండు దాటాక బెల్లు మోగింది. ప్రణతి తలుపు తీసి, "మమ్మీ, కోయీ అంకుల్ హై, ఆప్‌కా నామ్ లే రహే హైఁ," అని, నా పేరడుగుతూ ఎవరో వచ్చారని హిందీలో చెప్పేసి లోపలికి పోయింది.

మఫ్లరు చుట్టుకున్న నడివయసు మనిషి. చంకలో ఫైలు, చేతిలో పెన్ను. గడప దాటకుండానే మా హాలంతా చూపుతో ఒకసారి కొలిచేశాడు.

"అరుంధతి జీ? చెకింగ్‌కి వచ్చాను. కూర్చోవచ్చా?" అన్నాడు హిందీలో.

నా పేరు అడిగాడు కాబట్టి నోయిడా మనిషే అనుకుని ఊపిరి పీల్చబోయాను. అంతలోనే తోచింది: క్వార్టరు కాగితాల్లోనూ కుటుంబ సభ్యులందరి పేర్లూ ఉంటాయి.

"ఎక్కడి నుంచి వచ్చారు?"

మెడలో కార్డు చూపించాడు. ఏదో ఏజెన్సీ పేరు. "మేం చాలామందికి చేస్తాం మేడమ్. ఎవరు పంపారో ముందే చెప్పకూడదని రూలు. చెబితే మనుషులు ఇల్లు సర్దేసుకుంటారు."

"నీళ్లు తెస్తాను," అని వంటింట్లోకి వెళ్లాను. మా ఆయన అక్కడే, ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడి ఉన్నారు.

"వాళ్లే," అన్నారు గుసగుసగా.

"నోయిడా వాళ్లేమో. కార్డు మీద ఏజెన్సీ అని ఉంది."

"ఇప్పుడంతా ఏజెన్సీలే. మా ఆఫీసులో టీ కూడా కాంట్రాక్టుకిచ్చారు."

"మరేం చెప్పమంటారు?"

"నన్నడుగుతావా? ఇంటి నంబరు ఇచ్చేటప్పుడు అడిగావా?"

అది నిజం. గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చాను.

అతను కాగితం మీద వచ్చిన టైము రాసుకుంటున్నాడు. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, ఇంటికొచ్చిన చుట్టం కుశలం అడిగినట్టుగా అడిగాడు: "మేడమ్, ఈ ఇంట్లోంచి ఏదైనా వ్యాపారం నడుస్తోందా?"

నా జన్మలో అలాంటి ప్రశ్న వినలేదు. నోయిడా మనిషైతే అవుననాలి. క్వార్టర్ల మనిషైతే కాదనాలి. అడిగిన మొహంలో ఏమీ లేదు. బేరానికొచ్చిన మనిషి కళ్లు చూసి ఎంతకు దిగుతాడో చెప్పగలదాన్ని నేను. ఆ కళ్లు చూస్తే మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతోందన్న సంగతి తప్ప ఏమీ తెలియలేదు.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ఝల్లుమంది. మా ఆయన వెనక వరండా గుండా లోపలికి చేరి, మస్కట్ సెట్ల మూటను మంచం కిందికి తోస్తున్నారని నాకు అర్థమైంది. ఒక్క జత కాదు, మూటకు మూట మోగింది.

అతని పెన్ను ఆగింది. "ఘుంగ్రూ?"

"మా అమ్మాయి డాన్సు నేర్చుకుంటుంది."

"ఎంతమంది అమ్మాయిలు?"

"ఒక్కతే."

"అచ్ఛా," అని తల ఊపాడు. "ఒక్కతేనా." మళ్లీ అన్నాడు.

అతను లేచి ఆ తలుపు తీస్తే? మంచం కింద వంగి ఉన్న మా ఆయనను అలా చూస్తే? సామాను వరండాలో అన్న సుందరరామయ్యగారి మాట చెవిలో తిరిగింది. మా బీరువా, ప్రణతి పుస్తకాలు, ఆయన ఆఫీసు బ్యాగు, అన్నీ మెట్ల మీద వరసగా కనబడ్డాయి.

నాన్న చెప్పినట్టే లెక్క చూశాను. కాదని అన్నాక ఇతను నోయిడా మనిషని తేలితే, కార్డు దారి పోతుంది, మస్కట్ ఆర్డరు పోతుంది. మళ్లీ సంపాదించుకోవచ్చు. అవునని అన్నాక ఇతను క్వార్టర్ల మనిషని తేలితే, ఇల్లు పోతుంది, ఆయన పేరు పోతుంది. అవి మళ్లీ రావు.

"లేదు," అన్నాను. "ఇక్కడ వ్యాపారం ఏమీ లేదు."

"పక్కానా మేడమ్?"

"పక్కా."

రాశాడు. సంతకం అడిగాడు. పెట్టాను. ఫైలు మూసి, మఫ్లరు సర్దుకుని, గడప దగ్గర చెప్పులేసుకుంటూ అన్నాడు: "ఒక్కో చెకింగ్‌కి నాకిచ్చే ముప్ఫై రూపాయలు ఎలాగూ వస్తాయి. కానీ మేడమ్, కార్డులు తీసుకోవడానికి అప్లై చేసి, వ్యాపారమే లేదనే పార్టీని మొదటిసారి చూశాను. ఆ మోత విని మీరు అవునంటారనే అనుకున్నా."

మెట్లు దిగిపోయాడు. వెనక నుంచి పిలిచి, అవునని చెప్పగలిగేదాన్నే. భాటియా ఆంటీ తలుపు తీసే ఉంది. పిలవలేదు.

మా ఆయన మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ వచ్చారు. "పోయాడా? బతికాం!" అని సోఫాలో కూలబడి, చాలా రోజుల తర్వాత కాఫీ అడిగారు. నేను పెట్టిచ్చాను. నాకు తాగబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. వ్యాపారం లేదని దరఖాస్తుదారే సంతకం చేశారు కాబట్టి తిరస్కరించాం. వేరే చిరునామా ఉంటే మళ్లీ పెట్టుకోవచ్చు. మస్కట్ టీచరు మద్రాసులో ఎవరినో చూసుకుంటానంది.

నష్టం సంగతి అటుంచితే, ఆ వారం నేను నేర్చుకున్నది వేరు. బెల్లు మోగినప్పుడల్లా ప్రణతి నా మొహం చూసి గాని తలుపు తీయడం లేదు. పాలవాడికి కూడా. ఆ ఖర్చు నేను ఏ లెక్కలోనూ వేసుకోలేదు.

దగ్గర్లోనే ఉన్న మునిర్కాలో ఒక గది అద్దెకు చూశాను. కిటికీ లేదు, తాళం గట్టిది. కాగితం నా పేరునే రాయించాను. సామాను అక్కడికి చేర్చాక మా ఆయనతో అన్నాను: "ఇక మీరు ఆఫీసులో రాసివ్వండి. భార్య వ్యాపారం చేస్తోంది, ఫలానా చోట అని. చెప్పాలనే కదా మీ రూలు."

"చెప్పొచ్చు. ఇన్నాళ్లూ ఎక్కడ చేసిందని అడిగితే?"

"అడిగితే చూద్దాం."

"నీకేం, చూద్దామంటావు. ఆఫీసరు కుర్చీ ముందు నిలబడేది నేను."

"మీరు నిలబడకపోతే మన ముగ్గురం రోజూ ఈ తలుపు ముందు నిలబడాలి."

ఆయన తెల్ల కాగితం తీసుకుని, తన గుండ్రటి చేతిరాతతో రాశారు, చించారు, మళ్లీ రాశారు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లిచూపులకు వెళ్లే కుర్రాడిలా బయల్దేరారు. మధ్యాహ్నం ఫోన్ రాలేదు. నేను మునిర్కా వెళ్లలేదు, వంటా సరిగ్గా చేయలేదు.

సాయంత్రం వచ్చారు. గుమ్మంలోనే ఆపి అడిగాను.

"తీసుకున్నారు. స్టాంపు వేశారు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"మంచిదే కదా?"

"పాతికేళ్లుగా చూస్తున్నానే, మా ఆఫీసులో ఏమీ అనలేదంటే ఇంకా చదవలేదని అర్థం," అని సోఫా అంచున కూర్చున్నారు. బూట్లు విప్పలేదు. ఎవరో వెనక్కి పిలుస్తారన్నట్టు అలాగే కూర్చుని ఉన్నారు.